శుక్రవారం సాయంత్రం కట్ లైన్: ఆసియా ప్రొఫెషనల్ గోల్ఫ్ ఇష్టపడేవాళ్ల కోసం

ఏడో_ఐరన్ | శుక్రవారం, రాత్రి 9:12

చాలా రోజులుగా ఈ థ్రెడ్ పెడదామనుకుంటున్నాను. మనం గోల్ఫ్ అంటే మాస్టర్స్, (బ్రిటిష్) ఓపెన్, రైడర్ కప్ గురించే మాట్లాడుకుంటాం. ఆసియా టూర్ ఊసెత్తితే రెండు లైకులొచ్చి ఆగిపోతుంది. నాకైతే ఏడాది పొడవునా కళ్లలో వత్తులు వేసుకుని చూసేది దాన్నే.

ఆదివారం ట్రోఫీ ఎత్తినవాణ్ణి ప్రపంచమంతా చూస్తుంది. ఆసియా గోల్ఫ్ సంగతి తెలియాలంటే మాత్రం శుక్రవారం సాయంత్రం స్కోర్ల పేజీ తెరవండి. రెండు రౌండ్లయ్యాక మొదటి 65 స్థానాల్లో ఉన్నవాళ్లు, వాళ్లతో సమంగా ఉన్నవాళ్లు శని, ఆదివారాలు ఆడతారు. ఆ గీతనే కట్ అంటారు. మిగతావాళ్లు సామాను సర్దుకోవాలి. వాళ్లకి పైసా రాదు. ఫ్లైట్, హోటల్, కేడీ (బ్యాగు మోసేవాడు) ఖర్చు అంతా సొంత జేబులోంచే. 20 లక్షల డాలర్ల టోర్నీలో విజేతకి 18 శాతం, అంటే 3,60,000 డాలర్లు. కట్ ఒక్క షాట్‌తో తప్పినవాడికి సున్నా. రెక్కాడితే గానీ డొక్కాడని బతుకు ఇక్కడ కూడా ఉంది, పైకి కనపడదంతే.

మీకు గుర్తున్న ఆటగాళ్లు, టోర్నీలు, సంఘటనలు రాయండి. కొత్తవాళ్లు ఎంత చిన్న ప్రశ్నైనా అడగొచ్చు.

కొత్త_గ్లవ్ | శుక్రవారం, రాత్రి 9:40

అన్నా, నేను గోల్ఫ్ చూడ్డం మొదలుపెట్టి ఏడాది కూడా కాలేదు. రెండు డౌట్లు. ఆసియా మగవాళ్లలో మేజర్ (ఏటా జరిగే నాలుగు పెద్ద టోర్నీల్లో ఒకటి) గెలిచింది జపాన్ ఆటగాడు మత్సుయామా ఒక్కరే కదా? ఆసియా టూర్, జపాన్ టూర్, కొరియా టూర్ అని వేరువేరుగా ఎందుకున్నాయి? ఎవరు ఎక్కడ ఆడుతున్నారో అర్థం కాక మధ్యలో వదిలేస్తున్నాను.

పాత_స్కోర్‌కార్డు | శుక్రవారం, రాత్రి 10:25

మొదటి ప్రశ్నకి నేను చెప్తాను బాబూ. మత్సుయామా 2021లో మాస్టర్స్ గెలిచాడు, నిజమే. కానీ అంతకు పన్నెండేళ్ల ముందే కొరియాకి చెందిన వై.ఇ. యాంగ్ ఆ తలుపు తీశాడు. 2009 పీజీఏ ఛాంపియన్‌షిప్, హేజెల్టిన్. అప్పటికి టైగర్ వుడ్స్ మేజర్లలో మూడు రౌండ్ల తర్వాత ఆధిక్యంలో ఉన్న 14 సార్లూ గెలిచాడు. ఆ ఆదివారం కూడా ముందున్నది టైగరే. పక్కన ఆడుతున్నది యాంగ్. 14వ హోల్‌లో యాంగ్ చిప్ చేస్తే (దగ్గరి నుంచి మెల్లగా లేపి కొడితే) బంతి దొర్లుకుంటూ వెళ్లి నేరుగా హోల్‌లో పడింది, ఈగిల్, అంటే ఆ హోల్‌కి నిర్ణయించిన షాట్ల (పార్) కంటే రెండు తక్కువ. 18వ హోల్‌లో 200 గజాల పైచిలుకు దూరం నుంచి హైబ్రిడ్ క్లబ్‌తో చెట్టు పక్కగా కొట్టి జెండా దగ్గర ఆపాడు. పుట్ పడగానే ఆ బరువైన బ్యాగును రెండు చేతులతో తల మీదికి ఎత్తాడు చూడండి, అది నేను చచ్చేదాకా మరిచిపోను.

అంతకు ముందు కూడా చాలాసార్లు చేతికందినట్టే అంది జారిపోయింది. 1971 ఓపెన్‌లో తైవాన్ ఆటగాడు లూ లియాంగ్-హువాన్ లీ ట్రెవినో కంటే ఒక్క షాట్ వెనకబడి రెండో స్థానంలో నిలిచాడు. బంతి బాగా పడిన ప్రతిసారీ టోపీ ఎత్తి జనానికి నమస్కారం పెట్టేవాడు. 1980 యూఎస్ ఓపెన్‌లో జపాన్‌కి చెందిన ఇసావో ఆవోకి నాలుగు రోజులూ జాక్ నిక్లాస్ పక్కనే ఆడి రెండో స్థానంలో మిగిలాడు. మూడేళ్ల తర్వాత, 1983 హవాయి ఓపెన్ చివరి హోల్‌లో, 128 గజాల నుంచి వెడ్జ్‌తో కొడితే బంతి నేరుగా హోల్‌లోకి వెళ్లింది. అమెరికా పీజీఏ టూర్‌లో గెలిచిన మొదటి జపనీయుడు అలా అయ్యాడు.

వెన్నెల_గ్రీన్ | శుక్రవారం, రాత్రి 10:58

మాస్టారూ, మీరు టి.సి. చెన్‌ని వదిలేశారు! నేను ఆయన గురించి రాయకుండా నిద్రపోలేను.

1985 యూఎస్ ఓపెన్, ఓక్లాండ్ హిల్స్. మొదటి రౌండ్ రెండో హోల్‌లోనే ఆల్బట్రాస్ (పార్ కంటే మూడు షాట్లు తక్కువ), ఆ టోర్నీ చరిత్రలో మొదటిది. చివరి రోజు నాలుగు షాట్ల ఆధిక్యంతో అయిదో హోల్‌కి వచ్చాడు. మూడో షాట్ తర్వాత బంతి గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) పక్కన దట్టమైన గడ్డిలో ఆగింది. నాలుగో షాట్ మెల్లగా చిప్ చేశాడు. గడ్డి క్లబ్‌ని పట్టుకుని వదిలింది, బంతి గాల్లోకి లేచింది, వెనకే వచ్చిన క్లబ్ గాల్లో ఉన్న బంతికి మళ్లీ తగిలింది. ఆ తగలడం కంటికి సరిగ్గా కనపడదు, బంతి పక్కకి తిరగడం మాత్రం కనిపిస్తుంది. అప్పటి రూల్ ప్రకారం పెనాల్టీ. ఆ హోల్‌లో 8. నాలుగు షాట్ల ఆధిక్యం ఒక్క హోల్‌లో ఆవిరైపోయింది. చివరికి ఆండీ నార్త్ చేతిలో ఓడింది ఒక్క షాట్‌తో.

ఆ తర్వాత ఆయన్ని "టూ చిప్ చెన్" అని పిలవడం మొదలుపెట్టారు. నాకు ఆ పేరు వింటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. 1987లో ఆయన లాస్ ఏంజిల్స్ ఓపెన్ గెలిచాడు, అది గుర్తున్నవాళ్లు ఎంతమంది? 2019లో రూల్ మార్చారు. పొరపాటున క్లబ్ రెండుసార్లు తగిలినా ఇప్పుడు ఒకటే షాట్, పెనాల్టీ లేదు. ముప్పై నాలుగేళ్లు ఆలస్యంగా.

ఏడో_ఐరన్ | శుక్రవారం, రాత్రి 11:30

@కొత్త_గ్లవ్ రెండో ప్రశ్నకి వస్తాను.

జపాన్‌కీ కొరియాకీ సొంత టూర్లున్నాయి. స్పాన్సర్లు, టీవీ, ప్రేక్షకులు అన్నీ ఇంట్లోనే దొరుకుతాయి. జపాన్ టూర్‌లో బాగా ఆడేవాడికి దేశం దాటాల్సిన అవసరమే ఉండేది కాదు. మిగతా ఆసియాకి ఆ వసతి లేదు. థాయ్‌లాండ్, ఇండియా, మలేషియా, ఫిలిప్పీన్స్, తైవాన్, సింగపూర్... ఒక్కో దేశంలో ఏడాదికి ఒకటో రెండో పెద్ద టోర్నీలు. వాటిని ఒక దండగా గుచ్చి 1995లో మొదటి సీజన్ నడిపారు, అదే ఇప్పటి ఆసియా టూర్. హాంకాంగ్ ఓపెన్ అంతకంటే చాలా పాతది, 1959 నుంచి ఫ్యాన్లింగ్‌లోనే జరుగుతోంది. మొదటి విజేత పైన మాస్టారు చెప్పిన లూ గారే.

సీజన్ మొత్తానికి మొదట నిలిచినవాడు ఆర్డర్ ఆఫ్ మెరిట్ విజేత. మనవాళ్లలో 2002లో జ్యోతి రంధావా, 2003లో అర్జున్ అత్వాల్, 2006లోనూ 2008లోనూ జీవ్ మిల్ఖా సింగ్, 2015లో అనిర్బన్ లాహిరి, 2018లో శుభాంకర్ శర్మ. అయిదుగురు. ఈ పేర్లు ఇంకో ఆటలో అయితే బడిపిల్లలకి కూడా నోటికొచ్చేవి.

కార్డు, అంటే టూర్‌లో ఆడే హక్కు, లేనివాళ్లకి క్వాలిఫయింగ్ స్కూల్. చివరి దశ అయిదు రౌండ్లు, మొదటి 35 స్థానాలకి కార్డు. ఏడాది భవిష్యత్తంతా ఆ అయిదు రోజుల్లోనే తేలిపోతుంది. నా దృష్టిలో మేజర్ ఆఖరి రౌండ్ కంటే టెన్షన్ అక్కడే ఎక్కువ.

కీకర్_పొద | శనివారం, ఉదయం 7:05

ఢిల్లీలో ఉంటాను, ఇండియన్ ఓపెన్‌కి చాలాసార్లు వాలంటీర్‌గా పనిచేశాను. నా పేరు చూసి అడిగేలోపే చెప్తాను, ఢిల్లీ గోల్ఫ్ క్లబ్ లోధీ కోర్సులో ఫెయిర్‌వేకి (బంతి కొట్టాల్సిన గడ్డి దారికి) రెండు వైపులా ఉండే ముళ్ల పొదల పేరు అది. బంతి అందులోకి వెళ్తే చెయ్యి పెట్టడానికి కూడా ఉండదు. అక్కడ పెద్ద పెద్ద ఆటగాళ్లు దూరం కొట్టే డ్రైవర్ క్లబ్‌ని బ్యాగులోంచి తియ్యకుండానే రౌండ్ ముగించేవాళ్లు. ఐరన్‌తో కొట్టు, నిటారుగా కొట్టు, అంతే.

ఆ కోర్సు ఎస్.ఎస్.పి. చౌరాసియా కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది. వాళ్ల నాన్న రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్‌లో గ్రీన్‌కీపర్. ఈయన అక్కడే బ్యాగులు మోస్తూ ఆట నేర్చుకున్నాడు. దూరం కొట్టలేడు. కానీ గ్రీన్ చుట్టుపక్కల ఆయన చేతివాటం చూస్తే ముచ్చటేస్తుంది, "చిప్పుట్సియా" అనే పేరు ఊరికే రాలేదు. 2008లో ఇండియన్ మాస్టర్స్ అక్కడే గెలిచాడు. ఇండియన్ ఓపెన్ మాత్రం ఎంతకీ చిక్కలేదు, ఎన్నిసార్లు రెండో స్థానమో. 2015లో చివరి రౌండ్ ఏడు షాట్ల వెనక నుంచి మొదలుపెట్టిన లాహిరి వచ్చి ప్లేఆఫ్‌లో కొట్టేశాడు. ఆ సాయంత్రం చౌరాసియా మొహం చూసి మేం ఎవ్వరం మాట్లాడలేకపోయాం. 2016లో గెలిచాడు. 2017లో టోర్నీని గురుగ్రామ్‌లో గ్యారీ ప్లేయర్ డిజైన్ చేసిన పొడుగాటి కోర్సుకి మార్చారు. అక్కడ ఇసుక బంకర్లు మనిషి లోతు ఉంటాయి. పొట్టిగా కొట్టే ఈయన పని అయిపోయింది అన్నారు. ఏడు షాట్ల తేడాతో గెలిచాడు.

పాత_స్కోర్‌కార్డు | శనివారం, ఉదయం 8:20

> ఈయన అక్కడే బ్యాగులు మోస్తూ ఆట నేర్చుకున్నాడు

ఆసియా గోల్ఫ్ అంటే నాకు ఇష్టం ఇందుకే. ధనవంతుల ఆట అంటారు గానీ ఇక్కడ గెలిచినవాళ్లలో చాలామంది సర్వీస్ గేటు నుంచి లోపలికి వచ్చినవాళ్లే. బంగ్లాదేశ్ నుంచి సిద్దికుర్ రెహమాన్ ఢాకాలోని కుర్మిటోలాలో బాల్ బాయ్‌గా మొదలుపెట్టాడు. 2010లో బ్రూనై ఓపెన్ గెలిచాడు, 2013లో ఢిల్లీలోనే ఇండియన్ ఓపెన్ గెలిచాడు. 2016 రియో ఒలింపిక్స్‌లో వాళ్ల దేశం జెండా పట్టుకుని ముందు నడిచింది ఆయనే.

థాయ్‌లాండ్ తోంగ్‌చాయ్ జైదీ ఆర్మీలో పారాట్రూపర్. చిన్నప్పుడు వెదురు కర్రకి దొరికిన క్లబ్ తల బిగించుకుని ఆడినవాడు. ప్రొఫెషనల్ అయ్యేసరికి ముప్పై ఏళ్లు వచ్చాయి. అయినా ఆర్డర్ ఆఫ్ మెరిట్ మూడుసార్లు, 2001, 2004, 2009. అదే దేశానికి చెందిన థావర్న్ విరాచాంత్ 18 టోర్నీలు గెలిచాడు. ఆసియా టూర్‌లో రికార్డు అదే.

పార్_త్రీ | శనివారం, ఉదయం 10:47

పాత కథలు బాగున్నాయి, కాదనను. కానీ ఇప్పటి సంగతి మాట్లాడుకుందాం. కథలతో హోటల్ బిల్లు కట్టలేం కదండీ.

2020లో కోవిడ్ వచ్చాక ఆసియా టూర్ ఏడాదిన్నరకు పైనే ఆగిపోయింది. ఆటగాళ్లకి పని లేదు. ఆ సమయంలో 2021లో సౌదీ డబ్బుతో మొదలైన లివ్ గోల్ఫ్ వచ్చి పదేళ్లకి 20 కోట్ల డాలర్లు ప్రకటించింది, కొన్ని నెలల్లోనే దాన్ని 30 కోట్లు చేసింది. ఆసియా టూర్‌లోనే పెద్ద డబ్బున్న టోర్నీల వరుస, ఇంటర్నేషనల్ సిరీస్, అలా పుట్టింది. మామూలు టోర్నీకి అయిదు లక్షలో పది లక్షలో ఉండే చోట 20 లక్షల డాలర్లు వచ్చాయి. సౌదీ డబ్బు అని విమర్శించేవాళ్లు ఆ ఏడాదిన్నర ఈ కుర్రాళ్లకి ఏం చేశారు? 2025లో ఇండియాలో ఇంటర్నేషనల్ సిరీస్ జరిగితే అమెరికా స్టార్ బ్రైసన్ డిషాంబో వచ్చి ఆడాడు. మనవాళ్లు అతని గ్రూపులో నడిచారు. అది చిన్న విషయం కాదు.

పాత_స్కోర్‌కార్డు | శనివారం, మధ్యాహ్నం 12:15

డబ్బు అవసరం లేదని నేను అనను. పోయిందేమిటో కూడా చెప్పాలి. అంతకు ముందు ఇండియన్ ఓపెన్, మలేషియాలో మేబ్యాంక్ లాంటి టోర్నీలు యూరోపియన్ టూర్‌తో కలిపి జరిగేవి. ఒక్క వారం బాగా ఆడితే యూరప్ కార్డు చేతిలో పడేది. శుభాంకర్ 2018లో మేబ్యాంక్ గెలిచింది అలాగే, చివరి రౌండ్ 62 కొట్టి. ఆ తర్వాత 2023 ఓపెన్‌లో ఎనిమిదో స్థానం దాకా వెళ్లాడు, ఆ టోర్నీలో మన దేశానికి అదే అత్యుత్తమం. లివ్ వచ్చాక రెండు టూర్ల పొత్తు తెగిపోయింది. ఇప్పుడు ఇండియన్ ఓపెన్ డీపీ వరల్డ్ టూర్‌ది (యూరోపియన్ టూర్ కొత్త పేరు), ఆసియా టూర్‌ది కాదు. మన దేశపు జాతీయ టోర్నీ మన ఖండపు టూర్‌లో లేకపోవడం నాకు మింగుడు పడడం లేదు.

అటు జపాన్ వాళ్లు డీపీ వరల్డ్ టూర్ మెట్లే ఎక్కుతున్నారు. ర్యో హిసత్సునే 2023లో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచి పీజీఏ టూర్ కార్డు తెచ్చుకున్నాడు. కెయితా నకజిమా 2024లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. ఆ మెట్లు మనవాళ్లకి దూరమయ్యాయి.

పార్_త్రీ | శనివారం, మధ్యాహ్నం 12:52

మీ బాధ అర్థమైంది మాస్టారూ, ఆ పొత్తు తెగకుండా ఉండాల్సింది. కానీ తెంచింది ఆసియా ఆటగాళ్లు కాదు. హాంకాంగ్ ఓపెన్ విజేతకి ఇప్పుడు మాస్టర్స్ ఆహ్వానం ఇస్తున్నారు. ఒక తలుపు మూసుకుంటే ఇంకోటి కొద్దిగా తెరుచుకుంది. నేను దాన్నే పట్టుకుంటాను.

ఏడో_ఐరన్ | శనివారం, మధ్యాహ్నం 1:30

ఇద్దరి మాటా సగం సగం ఒప్పుకుంటాను. నాకు బాధ కలిగేది ఒకటి. డబ్బంతా పది టోర్నీల్లో పోగుపడితే వాటిలోకి ప్రవేశం దొరకని కుర్రాడు చిన్న టోర్నీల్లో అదే పాత ఖర్చుతో తిరుగుతున్నాడు. కట్ లైన్ అక్కడే ఉంది, కింద ఉన్నవాడి పరిస్థితి మారలేదు.

వెన్నెల_గ్రీన్ | శనివారం, సాయంత్రం 4:10

కొరియా గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను.

కె.జె. చోయ్ పీజీఏ టూర్‌లో 8 టోర్నీలు గెలిచాడు, 2011లో ప్లేయర్స్ ఛాంపియన్‌షిప్ వాటిలో ఒకటి. 2024లో మత్సుయామా ఆ లెక్కని దాటాడు, జెనెసిస్ టోర్నీలో చివరి రౌండ్ 62 కొట్టి.

కొరియా ఆటగాళ్ల నెత్తిన ఇంకో బరువుంటుంది, సైనిక సేవ. బే సాంగ్-మూన్ పీజీఏ టూర్‌లో రెండు టోర్నీలు గెలిచి, ఆట మంచి ఊపులో ఉండగా వెళ్లి సైన్యంలో చేరాల్సి వచ్చింది. తిరిగి వచ్చాక ఆ ఆట మళ్లీ దొరకలేదు. ఒలింపిక్ పతకం లేదా ఆసియా క్రీడల్లో స్వర్ణం వస్తే మినహాయింపు. అందుకే 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలకి ఇమ్ సుంగ్-జే, కిమ్ సి-వూ వచ్చి ఆడారు. టీమ్ స్వర్ణం వచ్చింది. ప్రైజ్ మనీ ఒక్క పైసా లేని వారంలో వాళ్ల మొహాల్లో ఉన్న టెన్షన్ నేను ఏ మేజర్‌లోనూ చూడలేదు. వ్యక్తిగత స్వర్ణం హాంకాంగ్ కుర్రాడు తైచి ఖోకి వచ్చింది.

(మన సంగతి కూడా చెప్పుకోవాలి. ఆసియా క్రీడల్లో గోల్ఫ్ మొదలైన 1982లో ఢిల్లీలో వ్యక్తిగత స్వర్ణం లక్ష్మణ్ సింగ్‌ది, టీమ్ స్వర్ణం ఇండియాది. 2002 బూసాన్‌లో శివ్ కపూర్.)

కొత్త_గ్లవ్ | శనివారం, రాత్రి 8:33

ఇవన్నీ చదువుతుంటే రాత్రి అన్నం చల్లారిపోయింది. టామ్ కిమ్ కూడా ఆసియా టూర్ నుంచే వచ్చాడా? నాకు మొదట నచ్చిన ఆటగాడు అతనే. ఇంకో ప్రశ్న, సాహిత్ తీగల మనవాడే కదా?

ఏడో_ఐరన్ | శనివారం, రాత్రి 9:02

సాహిత్ తల్లిదండ్రులు తెలుగువాళ్లే, కానీ అతను అమెరికాలో పుట్టి పెరిగి అమెరికాకే ఆడుతున్నాడు. 2023లో పీజీఏ టూర్‌లో ఫోర్టినెట్ టోర్నీ గెలిచినప్పుడు మనమంతా సంబరపడ్డాం. అతని కోసం వేరే థ్రెడ్ ఉంది, అక్కడ కలుద్దాం.

టామ్ కిమ్ అసలు పేరు కిమ్ జూ-హ్యుంగ్. 2019లో పదిహేడేళ్లకే ఇండియాలో పానాసోనిక్ ఓపెన్ గెలిచాడు. కోవిడ్ వల్ల సాగిన ఆ పొడుగాటి సీజన్‌లో ఆసియా టూర్ ఆర్డర్ ఆఫ్ మెరిట్ అతనిదే. 2022లో విండమ్ ఛాంపియన్‌షిప్ మొదటి రౌండ్ మొదటి హోల్‌లో నాలుగు ఓవర్, క్వాడ్రపుల్ బోగీ! అక్కడితో వారం ముగిసిందనుకుంటాం. ఆదివారం 61 కొట్టి గెలిచాడు. అదే టోర్నీ 2010లో గెలిచి, పీజీఏ టూర్‌లో మొదటి భారతీయ విజేత అయ్యాడు మన అర్జున్ అత్వాల్. అదీ సోమవారం క్వాలిఫయర్ ఆడి లోపలికి వచ్చి.

చిన్న వయసు అంటే ఇంకా ఉన్నారు. జపాన్ ర్యో ఇషికావా 2007లో పదిహేనేళ్ల ఎనిమిది నెలలకి అమెచ్యూర్‌గా జపాన్ టూర్‌లో గెలిచాడు. 2022లో థాయ్ కుర్రాడు రచ్చనన్ చంతననువత్ పదిహేనేళ్ల 37 రోజులకే ఆసియా టూర్‌లో గెలిచాడు. జాజ్ జేన్‌వత్తనానంద్ పద్నాలుగేళ్లకే కట్ దాటాడు. తర్వాత ఆట పట్టు తప్పి కార్డు పోతే 2016లో కొన్నాళ్లు బౌద్ధ భిక్షువయ్యాడు. తిరిగొచ్చి 2019లో నాలుగు టోర్నీలతో ఆర్డర్ ఆఫ్ మెరిట్ గెలిచాడు.

వెన్నెల_గ్రీన్ | శనివారం, రాత్రి 9:45

చైనా లి హావ్‌టాంగ్‌ని కూడా కలపండి. 2017 ఓపెన్ ఆఖరి రోజు 63 కొట్టి మూడో స్థానం. 2018లో దుబాయ్‌లో మెకిల్‌రాయ్‌ని ఓడించాడు. తర్వాత ఏమైందో గానీ ఆట పూర్తిగా పోయింది, కట్ దాటడమే గగనం. 2022లో మ్యూనిక్‌లో ప్లేఆఫ్‌లో గ్రీన్ అటు చివర నుంచి పుట్ వేశాడు, బంతి హోల్‌లో పడగానే వెక్కి వెక్కి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. 2025 ఓపెన్ ఆఖరి రోజు షెఫ్లర్‌తో కలిసి చివరి జోడీలో ఆడాడు.

కీకర్_పొద | ఆదివారం, ఉదయం 6:50

రాత్రంతా థ్రెడ్ చదివాను. కట్ లైన్ అన్నారు కాబట్టి నేను కళ్లారా చూసింది రాస్తాను. పేరు, దేశం, ఏడాది చెప్పను.

శుక్రవారం సాయంత్రం, చివరి గ్రూపుల్లో ఒకటి. నేను 18వ గ్రీన్ దగ్గర తాడు పట్టుకుని నిలబడ్డాను. ఆ కుర్రాడికి పార్ వస్తే కట్ దాటతాడు. మూడున్నర అడుగుల పుట్. చుట్టూ పదిమంది కూడా లేరు. బంతి హోల్ అంచు చుట్టూ తిరిగి బయటికి వచ్చి అక్కడే కూర్చుంది. అతను దాన్ని లోపలికి తోసి, టోపీ తీసి, తోటి ఆటగాళ్లతో చేతులు కలిపాడు. తాడు దగ్గర ఒక చిన్న పాప చెయ్యి చాపితే జేబులోంచి కొత్త బంతి తీసి ఇచ్చాడు. స్కోరింగ్ టెంట్‌లో కార్డు మీద ఒక్కో అంకె మీదా బొటనవేలు పెట్టి రెండుసార్లు లెక్క చూసుకున్నాడు. సంతకం పెట్టాక నన్ను అడిగింది ఒకటే. "ఎయిర్‌పోర్ట్‌కి ఇక్కడి నుంచి బస్సు ఉందా?" బ్యాగు అతనే భుజాన వేసుకున్నాడు. ఆ వారం అతనికి కేడీ లేడు.

కొత్త_గ్లవ్ | ఆదివారం, ఉదయం 8:15

తర్వాత అతనేమయ్యాడండీ?

కీకర్_పొద | ఆదివారం, ఉదయం 8:31

అప్పటి నుంచి ప్రతి శుక్రవారం స్కోర్ల పేజీలో ఆ పేరు వెతికేవాణ్ణి. మరుసటి వారం లేదు, ఆ పై వారం కూడా లేదు. నాలుగో వారం తైవాన్‌లో ఆడుతూ కనిపించాడు. సరిగ్గా కట్ లైన్ మీద, లోపల. ఆదివారానికి 58వ స్థానం.